చెక్క ఓడకు ముందు కొనాల్సింది కొలిచే పనిముట్టు

చెక్కతో ఓడ నమూనా కట్టాలని కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దాదాపు అందరూ ఒకటే ప్రశ్న అడుగుతారు: ఏ పనిముట్లు కొనాలి? వాళ్ళకు దొరికే జవాబులు కూడా దాదాపు ఒకలాగే ఉంటాయి. వేగంగా తిరిగే చిన్న మోటార్ పరికరం, దానికి డజన్ల కొద్దీ బిట్లు, ఓడ మీద పరిచే సన్నని కర్ర బద్దల్ని నొక్కి వంచే పట్టకారు, కరెంటుతో వేడెక్కి బద్దల్ని వంచే ఇనుము, వీలైతే ఒక చిన్న టేబుల్ రంపం. ఈ వరసే తప్పని నేను గట్టిగా నమ్ముతాను. ఈ పనిలో మొదట కావలసింది కొలిచే పనిముట్టు. రెండోది పదునైన అంచు. కర్రను బలవంతంగా లొంగదీసే సాధనాల అవసరం, ఉంటే గింటే, చాలా తర్వాత వస్తుంది.

ఎక్కువమంది ఏ దశలో పని వదిలేస్తారో గమనిస్తే ఈ మాట ఎందుకంటున్నానో తెలుస్తుంది. ఓడ అడుగున వెన్నెముకలా ఉండే కీల్ దూలం నిలబెట్టి, దానికి అడ్డుపలకలు బిగించడం వరకు ఎవరికీ పెద్ద ఇబ్బంది ఉండదు. లేజర్‌తో కోసిన ముక్కలు గాడుల్లో చక్కగా కూర్చుంటాయి. ఆ అస్థిపంజరం మీద బద్దలు పరిచేటప్పుడే టెన్షన్ మొదలవుతుంది. మొదటి రెండు మూడు వరసలు ముచ్చటగా వస్తాయి. ఆ తర్వాత ముక్కు దగ్గర బద్దలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతాయి, వెనక వైపు సందులు తెరుచుకుంటాయి. చేతిలో సరైన సాధనం లేకే ఇలా అయిందనుకుని ఇంకొకటి కొంటారు. నిజానికి అక్కడ లోటు సాధనానిది కాదు. బద్ద అతికించకముందే చేయాల్సిన లెక్క ఎవరూ చేయలేదు, అంతే.

కిట్ పెట్టెలో, అంటే నమూనాకు కావలసిన ముక్కలన్నీ కలిపి అమ్మే పెట్టెలో, వచ్చే బద్దలన్నీ ఒకే వెడల్పులో, తిన్నగా ఉంటాయి. ఓడ పొట్ట అలా ఉండదు. ఓడ నడుమ దగ్గర, డెక్ అంచు నుంచి కీల్ దాకా, వంపు వెంబడే ఒక కాగితం పట్టీ ఆనించి కొలిస్తే 100 మి.మీ. వచ్చిందనుకుందాం. 5 మి.మీ. బద్దలైతే అక్కడ 20 వరసలు పడతాయి. ముక్కు దగ్గరి అడ్డుపలక మీద అదే కొలత 60 మి.మీ. మాత్రమే ఉండవచ్చు. 20 వరసలూ అక్కడ ఇమడాలంటే ప్రతి బద్దా 3 మి.మీ.కి సన్నబడాలి. వెనక వైపు 110 మి.మీ. ఉంటే ఒక్కో వరస 5.5 మి.మీ. కావాలి. అంత వెడల్పు మీ బద్దకు లేదు. పెట్టెలోంచి తీసిన బద్దను తీసినట్టే అతికించుకుంటూ పోతే ఏం జరుగుతుందో ఈ మూడు అంకెలే చెప్పేస్తున్నాయి. ఒక గుండ్రటి కుండ చుట్టూ తిన్నని కాగితం పట్టీలు పక్కపక్కనే అంటించి చూడండి, అంచులు ఎక్కడ లేస్తాయో కంటికే కనిపిస్తుంది.

అసలు ఓడలు కట్టినవాళ్ళకు ఈ సంగతి బాగా తెలుసు. పొట్టును, అంటే ఓడ బయటి గుల్లను, ముందు ముక్కు నుంచి వెనక దాకా సాగే కొన్ని పట్టాలుగా విభజించుకునేవారు. పలుచని పొడుగాటి బద్దల్ని పక్కటెముకల మీద తాత్కాలికంగా కట్టి, దూరంగా నిలబడి, ముందు నుంచీ వెనక నుంచీ పక్క నుంచీ చూసి, ఆ గీతలు ఎక్కడా కుంగకుండా, ఎగరకుండా సాగుతున్నాయని నమ్మకం కుదిరాకే పలకలు కోసేవారు. ఏ పలకైనా కొస దగ్గర తన వెడల్పులో సగం కన్నా సన్నబడకూడదని ఒక నియమం ఉండేది. మరీ సన్నబడితే ఆ మొన చిట్లుతుంది, అందులో మేకు నిలవదు. సగం కన్నా తగ్గే పరిస్థితి వస్తే రెండు వరసల్ని కలిపి ఒకే పలకగా ముందుకు నడిపించేవారు. వెనక వైపు జాగా మరీ పెరిగితే నడుమ ఒక అదనపు పలకను దూర్చేవారు. ఇవన్నీ కాగితం మీద, కంటి ముందు, ముందుగానే తేలిపోయేవి.

మనం బల్ల మీద చేయాల్సిందీ ఇదే. నేను చేసే తీరు చెబుతాను. మొదట అడ్డుపలకల అంచుల్ని ఏటవాలుగా అరగదీసి, ఒక బద్దను వాటి మీద ఆనిస్తే అన్నింటినీ పూర్తిగా తాకేలా సరిచేస్తాను. ఈ మెట్టు దాటేసినవాళ్ళకు తర్వాత ఏ కొలతా నిలవదు. ఆ తర్వాత నల్లదారం లాగి, లేదా సన్నని టేపు అంటించి, పొట్టును మూడు నాలుగు పట్టాలుగా విడదీస్తాను. ఆ గీతలు నచ్చేదాకా జరుపుతూనే ఉంటాను. ఒక సాయంత్రమంతా ఈ పనికే పోయినా అది వృథా అని నాకెప్పుడూ అనిపించలేదు. గీతలు కుదిరాక ప్రతి అడ్డుపలక మీదా ప్రతి పట్టా వెడల్పును కాగితం పట్టీ మీదికి ఎక్కించుకుంటాను.

ఇక ఆ వెడల్పును సమాన భాగాలు చేయాలి. ఇక్కడే ప్రొపోర్షనల్ డివైడర్ పనికొస్తుంది. ఇంటూ గుర్తు ఆకారంలో రెండు కాళ్ళు, నడుమ జరిగే మర. మరను 5 అన్న గీత దగ్గర బిగిస్తే, పెద్ద కొసల మధ్య ఎంత దూరం తెరిచినా చిన్న కొసల మధ్య సరిగ్గా అందులో అయిదో వంతు వస్తుంది. అంకెలు చదవాల్సిన పని లేదు, భాగహారం లేదు, దశాంశాలు గుండ్రం చేయడంలో వచ్చే తేడా లేదు. అయిదు వరసలున్న పట్టా వెడల్పును పెద్ద కొసలతో పట్టుకుని, చిన్న కొసలతో అడ్డుపలక మీద గుర్తులు పెట్టుకుంటూ పోవడమే. డివైడర్ లేకపోయినా దారి ఉంది. ఒక కాగితం మీద అడ్డగీత గీసి, దాని మీద సమాన దూరాల్లో గుర్తులు పెట్టి, ఒక బిందువు నుంచి ఆ గుర్తులకు విసనకర్రలా గీతలు గీసుకుని, కొలత తీసిన పట్టీని ఆ అడ్డగీతకు సమాంతరంగా పైకీ కిందికీ జరిపితే, ఒకచోట దాని రెండు కొసలూ కావలసిన గీతల మీద సరిగ్గా కూర్చుంటాయి. నడుమ గీతలు తగిలినచోటల్లా గుర్తు పెట్టుకోవడమే. ఒక స్కేలు, ఒక పెన్సిలు, ఒక కాగితం ఉంటే చాలు. ఇది చూశాక కూడా మొదటి డబ్బు మోటార్ మీద పెట్టమని ఎలా చెప్పగలరో నాకు అర్థం కాదు.

బద్దను కొలత ప్రకారం సన్నగా చెక్కుకున్నా ఇంకో చిక్కు మిగులుతుంది. ముక్కు దగ్గర పొట్టు లోపలికి తిరుగుతుంది, దానితోపాటే బద్ద తన అంచు దిక్కుకు కూడా వంగాలి. 5 మి.మీ. వెడల్పు, 1 మి.మీ. మందం ఉన్న బద్ద మందం దిక్కుకు వేలితో నొక్కినా వంగుతుంది. అంచు దిక్కుకు వంచాలంటే దాని మొండితనం 25 రెట్లు. ఇది దూలాల లెక్క: వంచే దిక్కులో ఎంత లోతు ఉంటే, దాని ఘనాన్ని బట్టి బిగువు పెరుగుతుంది. కాబట్టి చేత్తో బలవంతం చేస్తే బద్ద అంచు దిక్కుకు వంగదు, మెలి తిరిగి ఒక అంచు పైకి లేస్తుంది. దాన్ని జిగురుతో, మేకుతో అణచిపెడితే కొన్నాళ్ళు ఉంటుంది. ఏదో ఒక పొడి వాతావరణపు రోజున విడిపోతుంది.

నొక్కి వంచే పట్టకారు మీద నాకున్న అభ్యంతరం చెప్పాలంటే ఇదే చోటు. అది బద్ద లోపలి ముఖం మీద వరసగా గాట్లు పెడుతుంది. గాటు పడిన ప్రతిచోటా నార తెగుతుంది. బద్ద వంగినట్టు కనిపిస్తుంది గానీ నిజానికి అది చిన్న చిన్న తిన్నని ముక్కల గొలుసు. బయటి ముఖం మీద చెయ్యి ఆడిస్తే ఆ మడతలు వేళ్ళకు తగులుతాయి. వార్నిష్ వేశాక పక్కనుంచి వెలుగు పడితే కంటికీ కనిపిస్తాయి. పైగా అది మందం దిక్కుకే వంచుతుంది. అసలు ఇబ్బంది పెట్టేది అంచు దిక్కు, దానికి ఈ పట్టకారు చేసే సాయం ఏమీ లేదు.

గంటల తరబడి నీళ్ళలో నానబెట్టడం కూడా నాకు నచ్చదు. కర్ర తడిస్తే పొడవులో దాదాపు పెరగదు, వెడల్పులో మాత్రం ఉబ్బుతుంది. ఉబ్బిన బద్దలు పక్కపక్కన బిగుతుగా అతికిస్తే, ఆరాక ప్రతి రెండింటి మధ్యా వెంట్రుకవాసి సందు తయారవుతుంది. కర్ర నారల్ని పట్టి ఉంచే లిగ్నిన్ మెత్తబడేది వేడికి. తడిగా ఉన్న కర్రలో 100 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త దిగువనే అది లొంగడం మొదలవుతుంది. కాబట్టి బద్దను తడిగుడ్డతో తుడిచి, జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్‌తోనో ఇస్త్రీపెట్టెతోనో వేడి పెట్టి, కావలసిన వంపులో క్లాంపులతో బల్లకు బిగించి, చల్లారాక విప్పితే ఆ ఆకారం నిలుస్తుంది. పియర్, బాక్స్‌వుడ్, పసుపు సెడార్ లాంటి కర్రలు ఈ పద్ధతికి అంచు దిక్కుకు కూడా కొంతవరకు మాట వింటాయి. కిట్లలో వచ్చే ఎండిన వాల్‌నట్ మొండికేస్తుంది, పేళ్ళు లేస్తుంది.

నాకు మాత్రం వంచడం కన్నా కోయడమే ఇష్టం. అంటే తిన్నని బద్దను వంపులోకి లాగకుండా, వెడల్పు రేకు లాంటి చెక్కలోంచి పలకను ఆ వంపుతోనే కోసుకోవడం. నిజమైన ఓడల్లో చేసిందీ ఇదే. పద్ధతి తేలిక. పలక పడాల్సిన జాగా మీద పారదర్శకమైన టేపు అంటిస్తాం. ముందే అతికించిన వరస అంచును, కింది గుర్తులను పెన్సిలుతో టేపు మీద గీస్తాం. టేపు ఊడదీసి చెక్క మీద అంటించి, గీత పక్కనే కోసి, చిత్రికతో గీత దాకా తెస్తాం. ఆ పలకను పొట్టు మీద పెడితే రెండు వేళ్ళతో పట్టుకున్నా నిలబడుతుంది. ఎక్కడా లాగుడు ఉండదు, జిగురు మీద భారం ఉండదు. ఈ మాట వినగానే చాలామంది చెక్క ఎంత వృథా అవుతుందో అంటారు. ఆ అభ్యంతరం సగమే నిజం, ఎందుకో చూడండి.

కిట్ చెప్పినట్టు ముక్కు నుంచి తోక దాకా ఒకే పొడవు బద్ద వేసేవాళ్ళకు వృథా ఎక్కువే. కానీ ఏ నిజమైన ఓడకూ అంత పొడుగు పలకలు లేవు. 24 అడుగుల పలక 1:64 స్కేలులో, అంటే అసలు కొలతలో 64వ వంతులో, సుమారు 114 మి.మీ. అవుతుంది. వంపు ఎత్తు, అంటే రెండు కొసల్ని కలిపే తిన్నని గీత నుంచి నడుమ భాగం లేచే దూరం, పొడవు వర్గాన్ని బట్టి మారుతుంది. 450 మి.మీ. పొడుగు బద్దలో వంపు ఎత్తు 16 మి.మీ. ఉందనుకుంటే, దాన్ని నాలుగు సమాన ముక్కలు చేస్తే ఒక్కో ముక్కలో ఆ ఎత్తు 1 మి.మీ. మాత్రమే. 4 మి.మీ. పలకను 5 మి.మీ. కన్నా కాస్త వెడల్పున్న బద్దలోంచే కోసేయవచ్చు. అసలు ఓడలాగా పొట్టి పలకలు వేస్తే చరిత్ర పరంగా సరిగా ఉంటుంది, చెక్క మిగులుతుంది, వంపు తిప్పలు దాదాపు మాయమవుతాయి. అతుకులు మాత్రం పక్కపక్క వరసల్లో ఒకే పక్కటెముక మీద పడకుండా చూసుకోవాలి. ఒకే ఎముక మీద రెండు అతుకుల నడుమ కనీసం మూడు నిండు వరసలు ఉండాలన్నది బాగా పాటించిన పద్ధతి. ఇదీ కాగితం మీద ముందుగా వేసుకునే పట్టికే.

పదును సంగతికి వస్తాను. ఓడ నమూనా మీద జరిగే పనిలో అధిక భాగం ఒక బద్ద అంచు నుంచి పదో వంతు మి.మీ. తీయడమే. దానికి అరచేతిలో ఇమిడే చిన్న చిత్రిక, 3 మి.మీ., 6 మి.మీ. ఉలులు రెండు, 11 నంబరు బ్లేడు కత్తి, రెండు మూడు సన్నని ఆకురాళ్ళు చాలు. కానీ అవి పదునుగా ఉండాలి. కొత్తగా కొన్న ఉలి పెట్టెలోంచి తీయగానే పదునుగా ఉంటుందని అనుకోకండి. 1000 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ రాయి నున్నన) సానరాయి మీద వీపును అద్దంలా చదును చేసి, అంచును అదే రాయి మీద, తర్వాత 6000 మీద పట్టి, చివరగా తోలు మీద రుద్దాలి. పదును కుదిరిందో లేదో తెలుసుకోవడానికి మెత్తటి కర్ర ముక్క కొసను అడ్డంగా చెక్కి చూస్తాను. నార నలగకుండా నున్నగా తెగితే పదును ఉన్నట్టు. పొడిపొడిగా రాలితే లేనట్టు. మొద్దు ఉలికి బలం ఎక్కువ పెట్టాలి, బలం పెట్టిన చెయ్యి జారుతుంది, వేలు తెగేది అప్పుడే. సానరాయికి పెట్టిన డబ్బు భద్రతకు పెట్టిన డబ్బు కూడా.

గరుకు కాగితం వాడొద్దని అనను గానీ, దాన్ని అతిగా నమ్ముతున్నారు. అది మూలల్ని గుండ్రం చేస్తుంది. రెండు పలకల మధ్య సన్నని గీతలా కనిపించాల్సిన అంచు దానివల్ల మసకబారుతుంది. రేజర్ బ్లేడును నిలువుగా పట్టి గీరితే ఉపరితలం మెరుస్తుంది, అంచు అంచులాగే ఉంటుంది, దుమ్ము రాదు. దుమ్ము చిన్న విషయం కాదు. కర్ర దుమ్ము క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ వర్గీకరించింది. ఎబొనీ లాంటి కర్రల దుమ్ము చర్మానికీ ఊపిరికీ పడదు. మోటార్‌తో రుద్దేవాళ్ళు మాస్కు, దుమ్ము లాగే యంత్రం రెండూ లేకుండా కూర్చోకూడదు.

కర్ర గురించి ఒక మాట. అసలు ఓడలు ఓక్‌తో కట్టారు కదా, నేనూ ఓక్‌తోనే కడతానని కొందరు ముచ్చటపడతారు. ఓక్‌లో కంటికి కనిపించే రంధ్రాలు పావు మి.మీ. దాకా ఉంటాయి. 1:64లో అది 16 మి.మీ. వెడల్పు గొట్టంతో సమానం. పక్కనే నిలబడిన మనిషి బొమ్మ వేలు పట్టేంత. వాల్‌నట్ కూడా ఈ పరీక్షలో నెగ్గదు. పియర్, బాక్స్‌వుడ్, డెక్‌కు హోలీ అనే చెట్టు కర్ర ఎందుకు కోరుకుంటారంటే వాటి నార అంత సన్నం కాబట్టి.

నా మాటకు ఎదురు రుజువు చూపమంటే నాకు తోచేవి నాకే అనుకూలంగా ఉన్నాయి. 17వ శతాబ్దం నుంచి ఇంగ్లాండు నౌకాదళం కోసం తయారైన నేవీ బోర్డ్ నమూనాలు ఎక్కువగా 1:48 స్కేలులో ఉంటాయి. నీటిమట్టానికి దిగువన పలకలు వేయకుండా పక్కటెముకలు కనిపించేలా వదిలేసేవారు. అంటే తప్పు దాచుకునే చోటే లేదు. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో, అనాపొలిస్‌లోని అమెరికా నౌకాదళ అకాడమీ మ్యూజియంలో అవి ఇవాళ్టికీ ఉన్నాయి. కరెంటు మోటార్ పుట్టకముందు పనులవి. అవి నిపుణులైన వృత్తి పనివాళ్ళు చేసినవి, మనతో పోలికేమిటి అని మీరు అడగవచ్చు. అలాగైతే నెపోలియన్ యుద్ధాల కాలపు ఖైదీలను తీసుకోండి. 1797లో తెరిచిన నార్మన్ క్రాస్ లాంటి శిబిరాల్లో ఫ్రెంచి ఖైదీలు తమ భోజనంలో వచ్చిన మాంసపు ఎముకల్ని ఉడికించి, తెల్లబరిచి, వాటితో ఓడలు కట్టి శిబిరం సంతలో అమ్మారు. వాళ్ళలో చేతిపనులు వచ్చినవాళ్ళు ఉన్నారు నిజమే. కానీ వాళ్ళ చేతిలో ఉన్న సాధనాలు ఎంత కొద్దివో ఊహించుకోవచ్చు. ఎముక కర్రలా సులువుగా వంగదు. ప్రతి పలకనూ జాగ్రత్తగా కొలిచి కోయాల్సిందే.

యంత్రాలన్నింటినీ నేను పక్కన పెట్టమనడం లేదు. కిట్ వదిలి సొంతంగా కర్ర కొని బద్దలు కోసుకునే రోజు వస్తే చిన్న టేబుల్ రంపం, మందం సరిచేసే యంత్రం నిజంగా అవసరమవుతాయి. వందల బద్దలు ఒకే మందంలో చేత్తో తీయడం జీవితకాలపు పని. వేగంగా తిరిగే మోటార్ పరికరం మాత్రం నా బల్ల మీద చాలా తక్కువగా కదులుతుంది. నిమిషానికి వేల చుట్లు తిరిగే బిట్టు, మనసు ఆగమనేలోపు తీయాల్సిన దానికన్నా ఎక్కువ తీసేస్తుంది. సన్నని రంధ్రాలకు చేత్తో తిప్పే పిన్ వైజ్ మేలు. 0.5 మి.మీ. బిట్టు పక్కకు ఒరిగితే వేళ్ళకు ముందే తెలుస్తుంది.

ఆ సన్నని రంధ్రాల్లోకి వెళ్ళే కొయ్య మేకుల కోసం డ్రాప్లేట్ అనే ఉక్కు పలక ఒకటి కొనండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. క్రమంగా చిన్నవయ్యే రంధ్రాల వరస అది. సన్నగా చీల్చిన వెదురు పుల్లను ఒక్కో రంధ్రంలోంచి లాగుతూ పోతే అర మి.మీ. దాకా గుండ్రంగా తీయవచ్చు. అసలు మేకులు అంగుళంన్నర దాకా లావుండేవి, 1:64లో అది 0.6 మి.మీ. వెదురు నార కొస నుంచి కొస దాకా తిన్నగా నడుస్తుంది కాబట్టే అంత సన్నంలోనూ తెగదు. ఈ పనిముట్టు కూడా చేసేది కొలవడమే, రంధ్రమే దాని కొలత.

ఇప్పటికే కిట్ తెచ్చుకుని బద్దల కట్ట విప్పనివాళ్ళకు ఒక సూచన. చాలా కిట్లలో పొట్టుకు రెండు పొరలు ఉంటాయి. లోపల ఒకటిన్నర మి.మీ. లైమ్‌వుడ్, దాని మీద పలుచని మంచి కర్ర. లోపలి పొర ఎలాగూ కనబడదు కదా అని గబగబా కప్పేసి, సందుల్లో పుట్టీ నింపేస్తారు. నేనైతే ఆ పొరను కూడా గీతలు వేసి, భాగాలు చేసి, ప్రతి బద్దా సన్నబరిచే కడతాను. మెత్తటి లైమ్‌వుడ్ మీద చెయ్యి కుదిరితే గట్టి కర్ర మీద తడబడదు. తెల్ల జిగురుతో అతికించండి, బద్ద సరిగా పడకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి ఊడదీయవచ్చు. ఆ పొర నునుపు చేశాక పాత కాగితం పట్టీలు పారేసి కొలతలు మళ్ళీ మొదటి నుంచి తీయండి. ఒకటిన్నర మి.మీ. మందం చేరగానే పొట్ట చుట్టుకొలత పెరిగి ఉంటుంది, అదీ నడుమ దగ్గర ఒకలా, ముక్కు దగ్గర ఇంకోలా.